పాత బహిరంగ ఈతకొలనును తీసేసి ఇండోర్ ఆక్వాటిక్ సెంటర్ కట్టాలా? బాండుకు ఓటు వేసే ముందు తేల్చుకోవలసిన విషయాలు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒహాయోలో మీరు ఉంటున్న చిన్న నగరంలో 1960ల చివర్లో కట్టిన బహిరంగ ఈతకొలనులో నీళ్లు నిలవడం లేదు. దాన్ని తీసేసి ఏడాది పొడవునా నడిచే ఇండోర్ ఆక్వాటిక్ సెంటర్ కట్టడానికి కౌన్సిల్ 3 కోట్ల డాలర్ల బాండును, అంటే ఓటర్లు ఒప్పుకుంటే నగరం తీసుకుని పన్నులతో తీర్చే అప్పును, నవంబరు బ్యాలెట్‌లో పెడుతోంది. పౌరుల సలహా సంఘంలో మిమ్మల్నీ చేర్చుకున్నారు. పిల్లలు స్విమ్ టీములో ఉన్నందువల్ల మీ మనసు కట్టడం వైపే మొగ్గుతోంది కానీ, పన్ను పెరుగుతుందని అంటున్న ఇరుగుపొరుగుకు ఏం చెప్పాలో మీకు తోచడం లేదు. నేను ఇరవై ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే ఈతకొలనుల నీటి యంత్రాలు, గాలి యంత్రాల రూపకల్పనలో పనిచేస్తున్నాను. కొత్తవి కట్టించాను, పాతవి బాగుచేయించాను, రెండు ఊళ్లలో కట్టవద్దని కూడా చెప్పి వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇండోర్ సెంటర్ మీ ఊరికి మంచిదే కావచ్చు. అయితే మీ సంఘంలో చర్చ ఎన్ని లేన్లు, ఎన్ని జారుడుబల్లలు అన్నదాని చుట్టూ తిరుగుతున్నట్టు మీ ప్రశ్నను బట్టి అర్థమవుతోంది. బహిరంగ కొలనులో గాలికి ఖర్చు లేదు. కొలనును గోడల మధ్యకు తెచ్చిన రోజు నుంచి ఆ గాలిని వేడి చేయాలి, ఆరబెట్టాలి, మార్చాలి, రాత్రి పూట జనం లేకపోయినా ఆ పని ఆగకూడదు. బాండు డబ్బుతో భవనం వస్తుంది. ఆ గాలిని నలభై ఏళ్లు నడిపే డబ్బు మాత్రం ఏటా నగరపు జనరల్ ఫండ్ నుంచే, అంటే రోజువారీ ఖర్చుల ఖాతా నుంచే, రావాలి. ఆ రెండో లెక్క మీ చేతికి రాకుండా మొదటి లెక్కకు ఒప్పుకోవద్దన్నదే నా సలహా.

ముందు పాత కొలను సంగతి చూద్దాం. నీళ్లు కారుతున్నాయి కాబట్టి ఇక పనికిరాదన్న వాక్యం కన్సల్టెంటు నివేదికలో కనిపిస్తే అక్కడితో ఆగిపోకండి. ఎక్కడ కారుతున్నదో తేలకుండా బాగుచేతకు ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. ఒక బకెట్‌ను కొలను నీటితోనే నింపి, అంచు నీటిమట్టానికి పైన ఉండేలా మెట్టు మీద నిలబెట్టి, బకెట్ లోపలి మట్టాన్నీ కొలను మట్టాన్నీ గుర్తు పెట్టాలి. ఇరవైనాలుగు గంటల తర్వాత బకెట్‌లో తగ్గినది ఎండకూ గాలికీ ఆవిరైనది. కొలనులో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా భూమిలోకి పోయినది. మీ కొలను వైశాల్యం 800 చదరపు మీటర్లనుకుందాం. బకెట్‌లో 6 మిల్లీమీటర్లు, కొలనులో 25 మిల్లీమీటర్లు తగ్గితే 19 మిల్లీమీటర్ల తేడా అంటే రోజుకు దాదాపు 15,000 లీటర్ల నీరు, దానితోపాటు మీరు డబ్బు పెట్టి కొన్న క్లోరిన్. ఇదే పరీక్షను పంపు నడిపి ఒక రోజు, ఆపి ఒక రోజు చేయించండి. పంపు నడిచినప్పుడే ఎక్కువ పోతుంటే దోషం నీటిని తిరిగి కొలనులోకి తెచ్చే గొట్టాల్లో ఉండే అవకాశం ఎక్కువ. రెండు రోజులూ ఒకేలా పోతుంటే కాంక్రీటు తొట్టిని, అడుగు డ్రెయిన్‌ను అనుమానించాలి. గొట్టాలు మార్చడం, తొట్టి లోపల పీవీసీ పొర వేయడం, కొత్త ఫిల్టర్లు పెట్టడం వంటి పనులతో పాత కొలనులు మరో పదిహేను, ఇరవై ఏళ్లు నడవడం నేను చూశాను. తొట్టి కాంక్రీటు లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంటే మాత్రం పైపూతలు డబ్బు దండగ. అది కాంక్రీటు నమూనాలు తవ్వి తీసి పరీక్షిస్తే తెలుస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. పరీక్షల పేరుతో కొలనును ఖాళీ చేసి వదిలేయనివ్వకండి. భూగర్భ జలం పైకి ఉన్న కాలంలో ఖాళీ తొట్టి పడవలా తేలుతుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో వసంతకాలపు వానల్లో మూడు వారాలు ఖాళీగా ఉంచిన కొలను ఒక కొస జానెడు పైకి లేచింది. అప్పటిదాకా బాగుచేయదగినదిగా ఉన్నది ఆ తర్వాత కూల్చక తప్పనిదైంది. అది పొరపాటేనని నేను నమ్ముతున్నాను, ఊళ్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు.

ఇక ఇండోర్ కొలను. దాని లోపల గాలిని నీటికంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా, 50 నుంచి 60 శాతం తేమతో ఉంచాలి. గాలి నీటికంటే చల్లబడితే ఆవిరి పెరుగుతుంది, బయటికి వచ్చిన పిల్లలు వణుకుతారు. 29 డిగ్రీల సెల్సియస్, 55 శాతం తేమ ఉన్న గాలి 19 డిగ్రీల కంటే చల్లని ఏ ఉపరితలాన్ని తాకినా అక్కడ నీటి బిందువులుగా మారుతుంది. జనవరిలో బయట మైనస్ 10 ఉన్నప్పుడు మీ కిటికీ అద్దం, తలుపు చట్రం, కప్పులోని ఉక్కు దూలం 19 కంటే పైన ఉండాలంటే అది ఊరికే జరగదు. వెచ్చని పొడిగాలిని కిటికీల మీదుగా నిరంతరం ఊదాలి. గోడలోనూ కప్పులోనూ ఇన్సులేషన్‌కు వెచ్చని వైపున, అంటే లోపలి వైపున, ఆవిరి చొరబడని పొర ఒక్క చీలిక లేకుండా ఉండాలి. గోడా కప్పూ కలిసే మూలల్లో, గొట్టాలు గోడ దాటే చోట్ల ఆ పొర తెగిపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను, ఎందుకంటే అక్కడ ఇద్దరు వేర్వేరు కాంట్రాక్టర్ల పని కలుస్తుంది, బాధ్యత ఇద్దరిదీ కాకుండా పోతుంది.

ఆ పొర తెగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక సెంటర్‌లో తెరిచిన మూడో ఏట మార్చి నెలలో కప్పు నుంచి నీళ్లు కారడం మొదలైంది. రూఫింగ్ వాళ్లను మూడుసార్లు పిలిపించారు, వాళ్లు మూడుసార్లూ కప్పు మీద అతుకులు వేసి వెళ్లారు. నన్ను పిలిచినప్పుడు నేను అడిగింది ఒక్కటే, ఆ వారంలో వాన పడిందా అని. పడలేదు. చలికాలమంతా లోపలి తేమ కప్పులోకి చొరబడి ఇన్సులేషన్‌లో మంచుగా గడ్డకట్టింది. ఎండ తగలగానే కరిగి లోపలికే కురిసింది. కప్పు మొత్తం విప్పి మళ్లీ వేయవలసి వచ్చింది. వేసవి కొలనుకు అలవాటుపడిన ఊరికి ఇటువంటి ఖర్చు ఒకటి ఉంటుందని ఊహకే అందదు.

తేమ తర్వాతి సమస్య వాసన. ఇండోర్ కొలనులోకి అడుగు పెట్టగానే ముక్కును తాకే ఘాటు వాసనను క్లోరిన్ ఎక్కువైందనడానికి గుర్తుగా చాలామంది భావిస్తారు. నిజానికి చెమట, మూత్రం వంటివాటితో క్లోరిన్ కలిసి క్లోరమైన్లుగా మారుతుంది, ఆ వాసన వాటిదే. వాటిలో ట్రైక్లోరమైన్ నీటిలో నిలవకుండా గాలిలోకి లేస్తుంది. కళ్లు మండటం, ఈదేవారికి దగ్గు రావడం దానివల్లే. అది గాలికంటే బరువైనది కనుక నీటి ఉపరితలం మీదే, సరిగ్గా ఈదేవారు ఊపిరి తీసుకునే చోటే పేరుకుంటుంది. కప్పు దగ్గర ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా అది కదలదు. అందుకే గాలిని వెనక్కి తీసుకునే మార్గాల్లో కొన్నైనా డెక్ (కొలను చుట్టూ నడిచే గచ్చు) ఎత్తున, వీలైతే కొలను గట్టర్‌లోనే (అంచు వెంట నీరు పొర్లిపోయే కాలువలోనే) ఉండాలి. అమెరికాలోని తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంఘం అష్రే ప్రమాణం ప్రకారం నీటి ఉపరితలం, తడి డెక్ కలిపి ప్రతి చదరపు అడుగుకు నిమిషానికి 0.48 ఘనపుటడుగుల బయటి గాలి రావాలి. చలికాలంలో ఆ గాలినంతా మైనస్ పది నుంచి ఇరవై తొమ్మిదికి వేడి చేయాలి. బయటికి పోయే గాలి నుంచి వేడిని తిరిగి పట్టే ఏర్పాటు లేకపోతే గ్యాసు బిల్లు చూసిన మేనేజరు చేసే మొదటి పని బయటి గాలిని తగ్గించేయడం. బిల్లు దిగుతుంది, పిల్లల దగ్గు మొదలవుతుంది. నీటి ప్రవాహ మార్గంలో అతినీలలోహిత దీపాలు పెట్టించడం కూడా అవసరమే. అవి క్లోరమైన్లను విరగగొడతాయి, క్లోరిన్‌కు త్వరగా లొంగని క్రిప్టోస్పోరిడియం పరాన్నజీవినీ అదుపు చేస్తాయి. ఇక స్నానం చేయకుండా ఎవరినీ నీటిలోకి దిగనివ్వకపోవడం అన్నిటికంటే చవకైన మందు, అమలు చేయడం అన్నిటికంటే కష్టమైనదీ అదే.

శక్తి లెక్క ఒకటి చూడండి. 75 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉన్న ఆరు లేన్ల కొలను వైశాల్యం దాదాపు 313 చదరపు మీటర్లు. జనం ఈదుతున్నప్పుడు చదరపు మీటరుకు గంటకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుందనుకుంటే గంటకు 63 లీటర్లు. ఒక లీటరు ఆవిరైనప్పుడు దాదాపు 0.68 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది కనుక ఇరవైనాలుగు గంటలూ ఆ స్థాయిలో సాగితే రోజుకు వెయ్యి యూనిట్లు గాలిలోకి పోతాయి. మంచి డీహ్యూమిడిఫైయర్ ఆ ఆవిరిని మళ్లీ నీటిగా మార్చి, అందులోని వేడిని కొలనుకే తిరిగి ఇస్తుంది. రాత్రి పూట కొలను మీద కవరు పరిస్తే ఆవిరి చాలావరకు మొదట్లోనే ఆగుతుంది. ఈ రెండూ డబ్బు మిగిల్చేవి. విచిత్రం ఏమంటే టెండర్లు అంచనా దాటినప్పుడు వాల్యూ ఇంజనీరింగ్ (ఖర్చు తగ్గింపు) పేరుతో ముందుగా కోత పడేది వీటికే. జారుడుబల్ల బొమ్మలో కనిపిస్తుంది, యంత్రాల గది కనిపించదు. ఏ వస్తువులను ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించకూడదో టెండరుకు ముందే మీ సంఘం రాతపూర్వకంగా తీర్మానించాలి. నా జాబితాలో గాలి యంత్రం, ఆవిరి పొర, అతినీలలోహిత వ్యవస్థ, కవరు ఉంటాయి. మిగిలినవి ఏవి పోయినా నేను పోట్లాడను.

భద్రత విషయంలో ఒక్క మాట. స్విట్జర్లాండులోని ఉస్టర్ పట్టణంలో 1985 మేలో ఇండోర్ కొలను మీది కాంక్రీటు సీలింగు కూలి 12 మంది చనిపోయారు. అప్పటికి ఆ భవనం వయసు పదమూడేళ్లే. సీలింగును వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు క్లోరైడ్ల వల్ల లోపల పగుళ్లు పట్టి తెగిపోయాయి. పైకి చూస్తే పెద్దగా తుప్పు కూడా కనిపించదు. స్టెయిన్‌లెస్ కదా, ఏమీ కాదులే అని మీ సమావేశంలో ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి. వేలాడే సీలింగు అసలు లేకుండా, దూలాలు కంటికి కనిపించేలా కట్టడం మేలు.

ఇప్పుడు మీ ఇరుగుపొరుగు అడుగుతున్న డబ్బు సంగతి. 3 కోట్ల డాలర్లను 25 ఏళ్లకు 4 శాతం వడ్డీతో తీసుకుంటే ఏటా చెల్లించవలసినది సుమారు 19 లక్షల 20 వేల డాలర్లు; మొత్తం 4 కోట్ల 80 లక్షలు. మీ ఊళ్లో 12 వేల ఇళ్లున్నాయని రాశారు కాబట్టి సగటున ఇంటికి ఏడాదికి 160 డాలర్లు. ఇల్లు ఖరీదైనదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ. ఇంతవరకు కరపత్రంలో ఉంటుంది. ఉండనిది నడిపే ఖర్చు. పాత కొలను మే చివరి మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే వరకు, అంటే దాదాపు 100 రోజులు నడిచేది. లైఫ్‌గార్డులుగా సెలవుల్లో ఉన్న హైస్కూలు పిల్లలు దొరికేవారు. ఇండోర్ సెంటర్ తెల్లవారుజామున అయిదున్నరకు తెరుచుకుంటుంది, మంగళవారం పొద్దున పది గంటలకు బడి పిల్లలు గార్డులుగా రాలేరు. కాబట్టి పూర్తికాలపు ఉద్యోగులు కావాలి, వారికి ఆరోగ్య బీమా కావాలి, నీటి రసాయనాలు తెలిసిన సర్టిఫైడ్ ఆపరేటరు కావాలి. అన్ని ఖర్చుల్లోకీ జీతాలే పెద్దవి. ప్రవేశ రుసుములతోనే ఖర్చంతా రాబట్టుకునే సాధారణ మునిసిపల్ ఇండోర్ కొలనును నా అనుభవంలో నేను చూడలేదు. ఏటా 8 లక్షల డాలర్ల లోటు వస్తుందనుకుంటే ఇంటికి మరో 67 డాలర్లు. అది తప్పేమీ కాదు, లైబ్రరీ కూడా లాభం తేదు. కానీ ఓటరుకు 160 చెప్పి తర్వాత 227 వసూలు చేస్తే, లోటు వచ్చిన ఏడాది కౌన్సిల్ ముందుగా తగ్గించేది పనిగంటలను, ఆ తర్వాత మరమ్మతులను. గాలి యంత్రం ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లకు మించదు; బాండు తీరకముందే దాన్ని మార్చవలసి వస్తుంది. దాని కోసం ఏటా పక్కన పెట్టే నిధి ఎంతో అడగండి. జవాబు లేకపోతే అదే మీకు జవాబు.

లోటు తగ్గే దారులు ఉన్నాయి. స్కూలు డిస్ట్రిక్ట్ తన స్విమ్ టీము కోసం లేన్లను ఏడాదికింత అని అద్దెకు తీసుకోవచ్చు, దగ్గరి ఆసుపత్రి ఫిజియోథెరపీకి గంటలు కొనుక్కోవచ్చు. ఇవన్నీ బాండుకు ముందే సంతకాలతో ఉండాలి. ఆసక్తి చూపారన్న మాట ఒప్పందం కాదు.

ఎవరి కోసం కడుతున్నారన్నది తేలకపోతే యంత్రాల లెక్క కూడా తేలదు. పోటీ ఈతగాళ్లకు 25 నుంచి 28 డిగ్రీల నీరు కావాలి. ఈత నేర్చుకునే నాలుగేళ్ల పిల్లలకూ మోకాళ్ల నొప్పులున్న పెద్దలకూ 30 నుంచి 33 కావాలి. ఒకే తొట్టిలో ఈ రెండూ కుదరవు. మధ్యస్థంగా 29 పెడితే కోచ్ కోప్పడతాడు, అమ్మమ్మ వణుకుతుంది. నా మాట వింటే ఆరు లేన్ల 25 గజాల కొలను ఒకటి, దాని పక్కన లోతు తక్కువగా వాలుగా దిగే వెచ్చని కొలను ఒకటి కట్టండి. 50 మీటర్ల కొలను, ప్రేక్షకుల గ్యాలరీ కావాలని స్విమ్ టీము తల్లిదండ్రులు గట్టిగా అడుగుతారు. మీరూ అందులో ఒకరు కాబట్టి సూటిగా చెబుతున్నాను, ఏడాదికి మూడు నాలుగు పోటీల కోసం మూడు వందల అరవై రోజులు వేడి చేయవలసిన గది అది.

వెచ్చని కొలనును రోజంతా వాడేవారు వేరే ఉంటారు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం నీట మునగడం; ఏడాదంతా సాగే ఈత తరగతులే ఇండోర్ కొలనుకు నాకు తెలిసిన గట్టి సమర్థన. మన తెలుగు కుటుంబాల్లో ఇంకో సంగతి ఉంది. నడుముకు బెండు కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్న నాన్నలు కొందరున్నా, నీళ్లలో దిగని అమ్మలే ఎక్కువ. ఆరు నెలల వీసా మీద వచ్చిన పెద్దలు చలికాలమంతా ఇంట్లోనే కూర్చుంటారు. పెద్దల ప్రాథమిక తరగతులు, స్త్రీలకు ప్రత్యేక సమయాలు, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులకు స్పష్టమైన అనుమతి ఉండాలని సంఘంలో మీరు అడిగితే ఇతర దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు కూడా మీతో కలుస్తాయి. అడగకపోతే నిబంధనల పుస్తకంలో అవి ఎవరికీ గుర్తుకు రావు.

పాత కొలను ఉన్న పేట గురించి కూడా ఆలోచించండి. ఊరి నడుమ నడిచి రాగలిగిన కొలనును మూసి, శివార్లలో కారుంటేనే చేరగల సెంటర్‌ను ఎక్కువ రుసుముతో తెరిస్తే ఈత రాని పిల్లలున్న ఇళ్లే ముందుగా దూరమవుతాయి. ఈ దేశంలో కొలనులు మూసివేయడానికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. నల్లజాతివారితో కలిసి ఈదవలసి వస్తుందని మిసిసిపీలోని జాక్సన్ నగరం తన కొలనులను మూసేసింది. 1971లో పామర్ వర్సెస్ థాంప్సన్ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. మీ కౌన్సిల్‌కు అటువంటి ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. ఆ పేటలోని పెద్దవారు సమావేశానికి వచ్చి కోపంగా మాట్లాడితే దాని వెనుక ఏముందో మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను. పాత స్థలంలో చిన్న పిల్లల నీటి ఫౌంటెన్ల ఆటస్థలం ఉంచడం, అక్కడి నుంచి కొత్త సెంటర్‌కు బస్సు నడపడం కూడా బాండులోనే చేరిస్తే కొంత న్యాయం జరుగుతుంది. అలాగే పాతది ఎప్పుడు మూస్తారో, కొత్తది ఎప్పుడు తెరుస్తారో అడగండి. నిర్మాణానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. వేరే స్థలంలో కడితే పాతదాన్ని అంతవరకు నడపవచ్చు, అదే స్థలంలో కడితే రెండు వేసవులు ఊరికి కొలను ఉండదు.

చివరగా మీ సంఘం చేయవలసిన ఒక పని. అక్టోబరులో కాకుండా ఫిబ్రవరిలో చూడవలసినది ఇది, కానీ ఇప్పటికైనా మించిపోలేదు. పదేళ్లకు పైబడిన ఇండోర్ సెంటర్‌ను ఒకదాన్ని ఎంచుకుని, శనివారం పోటీ జరుగుతుండగా ముందే చెప్పకుండా వెళ్లండి. డెక్ మీద పావుగంట నిలబడి కళ్లు మండుతున్నాయేమో చూడండి. కిటికీల పై మూలల్లో, తలుపుల కీళ్ల దగ్గర, కప్పు దూలాల చివర్లలో తుప్పు మరకలు వెతకండి. కొలను గది తలుపు తెరిచినప్పుడు గాలి లాబీ నుంచి లోపలికి పోవాలి. లోపలి నుంచి లాబీలోకి వస్తుంటే ఆ భవనంలో ఆవిరి గోడల్లోకి పోతున్నట్టే. చిన్న కాగితం ముక్కను తలుపు సందు దగ్గర పట్టుకుంటే తెలుస్తుంది. ఆ తర్వాత మేనేజరుతో కాకుండా యంత్రాల గదిలో పనిచేసే వ్యక్తితో మాట్లాడండి, గత శీతాకాలంలో గాలి యంత్రం ఎన్ని రోజులు ఆగిపోయిందో, ఆగిపోయినప్పుడు బాగుచేసేవారు ఎంత దూరం నుంచి రావలసి వచ్చిందో అడగండి.